ఛుట్టీ సైరన్

ముందు పోయినవాటి లెక్క చెప్తాను. స్పాట్ లైట్లు పద్నాలుగు. వాటిలో వెలిగేవి తొమ్మిది. లైట్ల వెలుగు పెంచి తగ్గించే డిమ్మర్ పెట్టెలు రెండు. మిక్సరు ఒకటి. గొట్టం స్పీకర్లు మూడు. తీగ చుట్టలన్నీ విప్పి పరిస్తే ఆరు వందల మీటర్లు. లైట్ల ముందు పెట్టే రంగు కాగితాలు ఒక కట్ట, అందులో నీలం ఎక్కువ. ఉరుము కోసం వేలాడదీసే రేకు ఒకటి. వాన చప్పుడు కోసం జల్లెడలో పోసి తిప్పే శనగలు రెండు కిలోలు. ఇవి ఏటా పురుగు పట్టి మార్చేవాళ్ళం. కంప్యూటర్ డిస్కు ఒకటి, అందులో నాలుగు వందల పన్నెండు శబ్దాలు. ఈ వానాకాలం మొదటి పెద్ద వానకు క్లబ్బు హాలు వెనక గది కప్పు కూలి ఇవన్నీ ఒక్క పూటలో పోయాయి.

అంతకు వారం రోజుల ముందు, వాటిని వాడే మనిషి పోయాడు. ఈ వరుస కూడా లెక్కలోకి వస్తుంది. ముందు గది కూలి ఉంటే ఆ దిగులుతో మనిషి పోయాడని అనుకునేవాళ్ళం. మనిషి వెనక గది పోయేసరికి ఏమనుకోవాలో ఎవరికీ తోచలేదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. మిల్లు క్వార్టర్లలో మధ్యాహ్నం పూట ఆ పేరు ఎత్తితే ఇప్పటికీ కొందరు ముసలివాళ్ళు మాట మారుస్తారు. పిల్లలకు ఆయన సారు. నాకు అన్న.

బోధన్ నుంచి వర్ని వెళ్ళే దారిలో ఒక చిన్న చక్కెర మిల్లు ఉంది. ఉంది అంటే గోడలు, చిమ్నీ, గేటు ఉన్నాయి. చెరుకు ఆడటం ఆగి చాలా ఏళ్ళయింది. దాని పక్కన కార్మికుల క్వార్టర్లు, క్వార్టర్ల చివర క్లబ్బు హాలు. ఏటా మే నెలలో మూడు వారాలు ఆ హాల్లో అన్న పిల్లలకు నాటకాల లైటింగు, సౌండు నేర్పేవాడు. పదమూడు నుంచి పదిహేడేళ్ళ పిల్లలు బోధన్ నుంచి, వర్ని నుంచి, చందూర్ నుంచి ముఖాలకు తువ్వాళ్ళు చుట్టుకుని ఎండలో వచ్చేవాళ్ళు. చివరి రోజు వాళ్ళే ఒక నాటకం వేసేవాళ్ళు. మిల్లు నడిచిన రోజుల్లో నేను బయట చెరుకు బండ్ల కాటా దగ్గర తూకం రాసేవాణ్ణి. లెక్క అక్కడే పట్టుబడింది. శిబిరంలో నా పని, ఏ లైటు ఎన్ని వాట్లు తింటుంది, ఏ తీగ ఎంత మోస్తుంది అని చూడటం, నాటకం నడిచేటప్పుడు సెకన్లు లెక్కపెట్టటం. లైటు ఐదు లెక్కల్లో ఆరాలంటే ఆ ఐదు నేను వినిపించాలి.

అన్న పుట్టింది వర్ని దగ్గర ఒక క్యాంపులో. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు కొన్న రైతుల ఊళ్ళను మా వైపు క్యాంపులనే అంటారు. ఆయన మాటలు ఇటువి, యాస అటుది. పొడుగు మనిషి, కానీ నడిస్తే చప్పుడు వచ్చేది కాదు. ఏ గదిలోకి వచ్చినా ముందు నాలుగు మూలలకూ వెళ్ళి ఒక్కో చప్పట కొట్టి, తల వంచి వినేవాడు. మా ఇంటికి మొదటిసారి భోజనానికి వచ్చినప్పుడూ కొట్టాడు. మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసి, ఎవరిని పిలుస్తున్నాడని నన్ను సైగతో అడిగింది. ఆయన ఉత్తరం మూల దగ్గర ఆగి, "ఇక్కడెవరో పడుకున్నారు తమ్ముడూ," అన్నాడు. అక్కడ ఉన్నవి బియ్యం బస్తాలు. అవి చప్పుడును మింగేస్తున్నాయని ఆయన భావం. మా ఆవిడ మర్నాడే ఆ బస్తాలు మరో గదిలోకి మార్పించింది. ఆ మూలలో ఇప్పటికీ ఏమీ పెట్టదు.

హాలు కిటికీలకు పాత చక్కెర గోనెసంచులు విప్పి, నల్లరంగు పూసి, మేకులు కొట్టాం. తలుపు వేస్తే పట్టపగలు కూడా మన చెయ్యి మనకు కనిపించేది కాదు. ఎండ వేడికి ఆ సంచుల్లోంచి మొలాసిస్ వాసన దిగేది. మొదటి రోజు పాఠం ఆ చీకట్లోనే. పిల్లల్ని ఎక్కడ కావాలంటే అక్కడ కూర్చోమని, కదలకుండా ఊపిరులు విని లోపల ఎంతమంది ఉన్నారో చెప్పమనేవాడు. ఎవరు ఉన్నదీ ఎవరు బయటికి పోయినదీ వాళ్ళకు తెలియదు. అసలు సంఖ్య నా దగ్గర ఉండేది. పిల్లలు చెప్పేది ఎప్పుడూ నా సంఖ్యకు ఒకటి ఎక్కువ వచ్చేది. ఒక ఏడు చందూర్ పిల్లాడొకడు ఏడుపు మొహం పెట్టి, "మరి ఆ ఒక్కడు ఎవడు సార్?" అని అడిగాడు.

"ఎక్కువొస్తే నష్టం లేదు నాన్నా," అన్నాడు అన్న. "తక్కువొస్తే చెప్పు, వెతుకుదాం."

అందరూ నవ్వారు. లైటు వేశాక మాత్రం ఒకరినొకరు లెక్కపెట్టుకున్నారు.

లైటింగు నేర్పటానికి ఆయనకు కావలసింది ఒక ఇనప కుర్చీ. ఖాళీ వేదిక మీద దాన్ని వేసి, ఎడమ నుంచి ఒక లైటు పెట్టేవాడు. చూస్తే అందులోంచి ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టు ఉండేది. అదే లైటును మూరెడు కిందికి దించి వెనక్కి జరిపేవాడు. ఇప్పుడు ఎవరో వచ్చి కూర్చోబోతున్నట్టు ఉండేది. మూడోసారి లైటు ఎలా పెడతాడోనని పిల్లలు బిగుసుకుని చూసేవాళ్ళు. ఆయన మూడోసారి పెట్టేవాడు కాదు. ఆ కుర్చీ హాల్లోనే పడి ఉండేది, మూడు వారాలూ ఎవరూ అందులో కూర్చునేవాళ్ళు కాదు. కింద నాపరాళ్ళ మీద కూర్చునేవాళ్ళు.

ఆయనకు కోపం వచ్చినా గొంతు లేచేది కాదు. గుసగుసలాడే పిల్లల దగ్గరికి వెళ్ళి, "నీ నోటికి డిమ్మర్ పెట్టించమంటావా? లెక్కల బాబాయి వాట్లు చూస్తాడు," అనేవాడు. పిల్లలు నా వైపు చూసేవాళ్ళు. నేను సీరియస్‌గా తలూపేవాణ్ణి.

సౌండులో ఆయనకు ఒక పట్టుదల ఉండేది, జరిగినదంతా దాని నుంచే వచ్చింది. చిన్న శబ్దం వేరు, దూరపు శబ్దం వేరు అనేవాడు. దూరంగా కుక్క అరవాలంటే అందరూ స్పీకరు దగ్గర పెట్టి వాల్యూమ్ తగ్గిస్తారు. ఆయన ఒప్పుకునేవాడు కాదు. తీగ లాగి, గొట్టం స్పీకరును నిజంగా దూరం మోయించి, అక్కడ పూర్తి గొంతుతో మోగించేవాడు. దారిలో గాలి, గోడలు, చెట్లు చెయ్యవలసిన పని వాటినే చెయ్యనివ్వాలని ఆయన వాదన. ఒక నాటకంలో కుక్క అరుపు కోసం స్పీకరు కాలువ గట్టు మీదికి వెళ్ళింది. ఆ రాత్రి ప్రదర్శన చూసినవాళ్ళు ఆ కుక్క ఎవరిదని అడిగారు.

నాలుగేళ్ళ కిందటి మే నెలలో పిల్లలు ఒక మిల్లు కార్మికుడి ఇంటి కథను నాటకంగా కట్టుకున్నారు. మిల్లు మూతపడే రోజున ఆ ఇంట్లో ఏం జరిగిందన్నది కథ. అందులో సైరన్ మోగాలి. సౌండు చూసే పిల్ల పేరు శిరీష, పదిహేనేళ్ళది, ఆ క్వార్టర్లలోనే ఇల్లు. వాళ్ళ తాత మిల్లు ఆగేదాకా బాయిలరు దగ్గర పనిచేసినవాడు. సైరన్ ఆవిరితో మోగేది కాబట్టి దాని తీగ లాగే పనీ ఆయనదే. ఊరంతా ఆయన్ను బాయిలర్ బాపు అనేది.

మిల్లులో రెండు కూతలు ఉండేవి. పనిలోకి పిలిచేది డ్యూటీ సైరన్, పని నుంచి వదిలేది ఛుట్టీ సైరన్. రెండూ సరిగ్గా నిమిషం సేపు. బాపు పెదవులతో అరవై లెక్కపెట్టుకుంటూ తీగ లాగేవాడు. తేడా అంతా చివర్లో ఉండేది. డ్యూటీ సైరన్ ఒకే ఎత్తున మోగి కోసినట్టు ఆగేది. ఛుట్టీ సైరన్ చివర మెల్లగా దిగి, సన్నబడి, ఎక్కడ ఆగిందో తెలియకుండా పోయేది. అన్న దగ్గర ఉన్నది డ్యూటీ సైరన్ ఒక్కటే. మిల్లు నడిచే రోజుల్లో ఏదో నాటకం కోసం క్యాసెట్లో పట్టుకున్నాడు, తర్వాత డిస్కులోకి ఎక్కించాడు.

దూరపు శబ్దం దూరం నుంచే రావాలి కదా. కావలివాడితో మాట్లాడి, గొట్టం స్పీకరును మిల్లు గేటు స్తంభం మీదికి ఎక్కించి, మూతి చిమ్నీ వైపు తిప్పి కట్టించాడు. తీగ రెండు వందల ఎనభై మీటర్లు పట్టింది. శబ్దం చిమ్నీకి తగిలి క్వార్టర్ల మీదుగా హాల్లోకి వస్తుందని లెక్క. మధ్యాహ్నం రోడ్డు మీద ట్రాక్టర్లు ఉండవని పరీక్షకు రెండు గంటల సమయం పెట్టుకున్నాం. మిల్లులో రెండో షిఫ్టు రెండింటికే ఎక్కేదన్న సంగతి మాలో ఎవరికీ తట్టలేదు. అన్న ఆలోచన అంతా గాలి ఎటు వీస్తుందన్న దాని మీద ఉంది.

శిరీష బటన్ నొక్కింది. మొదట చిమ్నీ, తర్వాత గోడలు, తర్వాత మా కాళ్ళ కింద నాపరాళ్ళు మోగాయి. పిల్లల్లో ఒకరికి చేతుల మీద రోమాలు లేచాయి, పక్కవాడికి చూపించాడు. అన్న కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. ఆయన ముఖంలో అంత సంతోషం నేను మళ్ళీ చూడలేదు. అరవై అయ్యాక సైరన్ కోసినట్టు ఆగింది.

తలుపు దగ్గరున్న శిరీష బయటికి చూసి, "సార్, మా తాత పోతుండు," అంది.

బయటికి వచ్చాం. నలభై ఐదు డిగ్రీల ఎండలో క్వార్టర్ల తలుపులు ఒకటొకటిగా తెరుచుకుంటున్నాయి. ఎవరూ ఎవరితోనూ మాట్లాడటం లేదు. బనీనుతో ఒకడు, చెయ్యి కడుక్కోకుండా ఒకడు, కర్ర పట్టుకుని ఒకడు, అందరూ ఒకే వేగంతో గేటు వైపు నడుస్తున్నారు. ఒక ఇంటి ముందు ముసలమ్మ ఖాళీ టిఫిన్ డబ్బా చాచి పట్టుకుని ఉంది. దాన్ని అందుకునే మనిషి పోయి ఎన్నేళ్ళో. నేను లెక్కపెట్టాను, పదకొండు మంది. సగం దారిలో ఒకడు ఆగి తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. మిగతావాళ్ళూ ఆగారు. ఒకరిద్దరు సిగ్గుగా నవ్వారు. ఒకడు, "ఎవడ్రా గీ మజాక్ చేసింది," అని మా వైపు తిట్టాడు. పది మంది వెనక్కి తిరిగారు.

బాయిలర్ బాపు తిరగలేదు. ఖాకీ చొక్కా వేసుకుని వచ్చాడు, గుండీలన్నీ పెట్టుకుని. మూసిన గేటుకు ఎదురుగా, వీపు మాకు పెట్టి నిలబడ్డాడు. శిరీష వెళ్ళి చెయ్యి పట్టుకుంది, రాలేదు. వాళ్ళ అమ్మ, అంటే బాపు కోడలు, గొడుగు తెచ్చి పట్టింది. ఎండదెబ్బ తగులుతుందని బతిమిలాడింది, తర్వాత తిట్టింది. ఎనభై దగ్గరపడ్డ మనిషి. మతి చెదిరిందేమోనని నేను ఆ ఏటి వడ్ల ధర అడిగాను. పైసలతో సహా సరిగ్గా చెప్పాడు.

"మిల్లు బందయ్యింది నాకెరుకనే," అన్నాడు బాపు. "గని కూత వెట్టిన్రు, వచ్చిన. ఛుట్టీ కూత వెట్టున్రి, పోత."

తర్వాత ఆయన చెప్పింది విన్నాక మాలో ఎవరికీ నవ్వు రాలేదు. మిల్లు ఆగిన చివరి రోజు డ్యూటీ సైరన్ ఆయనే లాగాడు. షిఫ్టు మధ్యలోనే పొయ్యి చల్లారింది. వదిలే వేళకు తీగ లాగితే ఆవిరి లేదు. షిఫ్టు మొత్తం ఛుట్టీ కూత లేకుండానే గేటు దాటి వెళ్ళింది. ఆ రోజు లోపలికి వెళ్ళినవాళ్ళెవరూ సరిగ్గా బయటికి రానట్టేనని ఆయన నమ్మకం. తనతో సహా.

అన్న ఆయనతో వాదించలేదు. అదే నాకు గుర్తుండిపోయింది. ఇంకెవరైనా అయితే నలుగురిని పిలిచి మోయించేవారు. అన్న, నాటకం రాసినవాణ్ణి అడిగినట్టు, ఛుట్టీ కూత ఎలా ఉండేదో వివరం అడిగాడు. యాభై రెండు దాకా ఒకే ఎత్తు, చివరి ఎనిమిది దిగేది, అన్నాడు బాపు. ఎలా దిగేదో మనవరాలి చెవిలో గొంతుతో అని చూపించాడు. శిరీష ఆ ఎనిమిదినీ నోట్లో మోసుకొచ్చినట్టు, ఎవరితోనూ మాట్లాడకుండా హాల్లోకి పరిగెత్తింది. అన్న, ఆమె కంప్యూటర్ ముందు కూర్చుని డ్యూటీ సైరన్ తోకను సాగదీసి, దించి, సన్నం చేశారు. ఆమె గొంతుతో అనటం, ఆయన సరిచెయ్యటం. అరగంట పట్టింది. అంతసేపూ బాపు ఎండలో నిలబడే ఉన్నాడు.

మూడు దాటాక మోగించాం. నేను గేటు దగ్గర నిలబడి లెక్కపెట్టాను. బాపు పెదవులు కూడా కదులుతున్నాయి. నలభై దగ్గర ఆయన భుజాలు వదులయ్యాయి. యాభై దగ్గర ఒంటిని ఇటు తిప్పటం మొదలుపెట్టాడు, సగం ముఖం కనిపించింది. యాభై రెండు దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ మీద ఫ్యూజు ఎగిరి కరెంటు పోయింది. సైరన్ కోసినట్టు ఆగింది.

అంటే అది ఛుట్టీ సైరన్ కాలేదు. మళ్ళీ ఒక డ్యూటీ సైరన్ అయింది. క్వార్టర్లలో తలుపులు మళ్ళీ తెరుచుకున్నాయి. ఈసారి ఎవరూ గడప దాటలేదు, అంతే.

బాపు సగం తిరిగినవాడు సగంలోనే ఆగిపోయాడు. అన్న రొప్పుతూ వచ్చాడు. కరెంటు ఎప్పుడు వస్తుందో తెలియదు. కోడలు ఏడుస్తోంది.

"మిగతావి ఇస్తా బాపూ," అన్నాడు అన్న. "ఇంటికి నడువు."

"ఎనిమిది ఉన్నయి," అన్నాడు బాపు.

"ఎనిమిదే. ఉద్దెర పెట్టుకో. నా మీద."

జబాన్ ఇస్తున్నవా అని బాపు అడిగాడు. అన్న ఆయన చేతిలో చెయ్యి వేశాడు. అప్పుడు బాపు కదిలాడు. ఇంటికి వెళ్ళాడు గాని ఖాకీ చొక్కా విప్పలేదు. డ్యూటీలో ఉన్నానన్నాడు.

మర్నాడు కరెంటు ఉంది. మొదటి నుంచి మళ్ళీ పెడతామంటే బాపు వద్దన్నాడు. మొదటి నుంచి పెడితే అది వేరే రోజు లెక్క, ఆ రోజుది మిగిలినది మాత్రమే కావాలన్నాడు. సరేనని అన్న చివరి ఎనిమిది సెకన్లు విడిగా కోసి, ముందు హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాడు. మూడుసార్లు విని తీసి బల్ల మీద పెట్టాడు. శిరీష పెట్టుకుంది, పూర్తిగా వినలేక తీసేసింది. ఎవరో పిలుస్తున్నట్టుందని అంది.

"పిలవటం కాదమ్మా, పంపించటం," అన్నాడు అన్న. "ఇది బయట మోగితే బాపు ఒక్కడే వెళ్తాడా?"

నాకు అర్థం కావటానికి కొంచెం సేపు పట్టింది. పిలిచే కూతకు లేచి వచ్చినవాళ్ళు పదకొండు మంది. వదిలే కూత గేటు మీద మోగితే అందరికీ వినిపిస్తుంది, అందరికీ ఛుట్టీ అయిపోతుంది. ఆ ఇళ్ళలో ఒకరికి గుండె జబ్బు, ఇద్దరు మంచం మీద ఉన్నారు. అన్న ఆ ముక్కను డిస్కులో పెట్టాడు, మోగించలేదు. ఆ ఏటి నాటకంలో సైరనే మోగలేదు. నటులు తల ఎత్తి విన్నట్టు నిలబడ్డారు, నేను మనసులో అరవై లెక్కపెట్టాను. ముందు వరుసలో ముసలివాళ్ళు అరవై దగ్గర అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు.

ఆ తర్వాత అన్న మారాడు. ఏ శబ్దాన్నీ సగంలో వదలలేకపోయేవాడు. టీ కొట్టు దగ్గర రేడియోలో పాట వస్తుంటే అది అయ్యేదాకా డబ్బులిచ్చేశాక కూడా కదిలేవాడు కాదు. ఎవరి ఫోనైనా మోగుతుండగా కట్ చేస్తే, ఆ మిగతాది ఎక్కడికి పోయిందో చూస్తున్నట్టు గాలిలోకి చూసేవాడు. నిజామాబాద్ బస్టాండులో ఒకసారి అనౌన్సుమెంటు మధ్యలో మైకు ఆగిపోయింది. మా బస్సు వెళ్ళిపోయింది, ఆయన రాలేదు. మళ్ళీ మైకు వచ్చి మొదటి నుంచి చెప్పటం మొదలుపెడితే, "ఇది వేరేది తమ్ముడూ," అన్నాడు.

బాపు ఎదురైనప్పుడల్లా ఆ ఎనిమిదీ ఎప్పుడని అడిగేవాడు. కోపంగా కాదు, కిరాణా కొట్టువాడు పాత ఖాతాదారును అడిగినట్టు. అన్న ఇస్తానని అనేవాడు. ఆ ఏడే డాక్టరు రెండు మూడు నెలలకు మించడని చెప్పిన బాపు నాలుగేళ్ళు బతికాడు. అన్న ఆయన్ను ఆపి పెట్టాడని క్వార్టర్లలో కొందరు అన్నారు. అన్నకు ఆ మాట చేరింది. ఖండించలేదు.

ఈ ఏడు శిబిరానికి ముందు బాపు పోయాడు, ఖాకీ చొక్కాతోనే. పాడె మిల్లు గేటు ముందు దించారు. దింపుడు కళ్ళం మరో చోట ఉండేది, కోడలు పట్టుబట్టి ఇక్కడ దింపించింది. చనిపోయిన మనిషి చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలిచే చోటు అది. కొడుకు వంగి పిలిచాడు. తర్వాత కోడలు అన్న వైపు తిరిగింది.

"ఇప్పుడన్న ఇయ్యున్రి అన్నా. నిలవడి నిలవడి కాళ్ళు వోయినయి ఆయినకు," అంది.

అన్న స్పీకరు తెచ్చాడు. బ్యాటరీ పెట్టుకుని, ఫ్యూజు బాధ లేకుండా. బటన్ మీద వేలు ఉంది. నేను పక్కనే ఉన్నాను. ఆయన చూపు పాడె మీద లేదు, గేటు మీద ఉంది. తర్వాత పాడె చుట్టూ నిలబడ్డ ముసలివాళ్ళ వైపు తిప్పాడు. ఆనాటి పదకొండు మందిలో ఇంకా మిగిలిన ఎనమండుగురూ వచ్చారు. వాళ్ళందరూ ఆయన వేలినే చూస్తున్నారు. భయంగా కాదు. బస్సు కోసం చూసినట్టు చూస్తున్నారు. అన్న వేలు తీసేశాడు. పాడె ఎత్తారు.

ఆ నెలలోనే శిబిరం నడిపాడు. చీకటి పాఠంలో పిల్లలు చెప్పిన సంఖ్య ఈసారి నా సంఖ్యకు రెండు ఎక్కువ వచ్చింది. అన్న నవ్వలేదు. శిబిరం అయిన వారానికి, భోజనం చేసి పడుకున్నవాడు లేవలేదు. ఆ తర్వాత గది కూలిన సంగతి మొదట్లోనే చెప్పాను.

అన్న పోయిన పదకొండో రోజున శిరీష వచ్చింది. ఇప్పుడు పంతొమ్మిదేళ్ళు, నిజామాబాద్‌లో డిగ్రీ చదువుతోంది. భోజనాలయ్యాక నన్ను పక్కకు పిలిచి, గేటు దాకా రమ్మంది, లెక్కపెట్టాలని. స్పీకర్లు మిగిలి ఉన్నా ఆ కూత పెట్టనిచ్చేవాణ్ణి కాదని అన్నాను.

"గొంతుతోటి ఇస్త కాకా," అంది. "స్పీకరైతె అందరికి ఇనవడ్తది. నా గొంతు గేటు దాకనె పోతది."

అది అన్న నేర్పిన పాఠమే కాబట్టి ఆమె వెంట నడిచాను.

రెండు కావస్తోంది. మబ్బు పట్టి ఎండ చిక్కగా, పసుపుగా ఉంది. క్వార్టర్ల తలుపులు వేసే ఉన్నాయి. గేటుకు పది అడుగుల ఇవతల ఆమె నిలబడింది, ఛాతీ నిండా గాలి పీల్చుకుంది. నేను యాభై మూడు అన్నాను. ఆమె ఎత్తు స్వరంలో అందుకుని దించటం మొదలుపెట్టింది. మనిషి గొంతులా లేదు. నాలుగేళ్ళ కింద నేను వినకుండా పోయిన ఆ చివర ఇదేనని నాకు వెంటనే తెలిసింది. యాభై నాలుగు, యాభై ఐదు. శబ్దం సన్నబడుతోంది. యాభై ఆరు. యాభై ఏడు.

ఆపేసింది.

ఊపిరి అందలేదా అని అడిగాను. తల అడ్డంగా ఊపింది. ఛాతీలో గాలి ఇంకా ఉంది, నాకు కనిపిస్తూనే ఉంది. ఆమె గేటు వైపే చూస్తోంది. అక్కడ నాకు తుప్పు పట్టిన ఊచలు తప్ప ఏమీ కనిపించలేదు.

"తాత ఇటు మర్లుతుండు కాకా," అంది, పెదవులు సరిగ్గా తెరవకుండా. "మొఖం కనవడ్డది."

మిగతావి ఇచ్చెయ్యమని నేను అనలేదు. ఇస్తే ఆ ముఖం వెళ్ళిపోతుందని ఇద్దరికీ తెలుసు. "పాడె దించిన దినం సారుకు గూడ గిట్లనె కనవడ్డడేమో," అంది. ఇంటి దారి పట్టాక మళ్ళీ, ఇస్తనని, ఇయ్యాల గాదని, తనలో తాను అనుకుంది.

ఎనిమిదిలో ఐదు ముట్టాయి. మూడు సెకన్లు ఇప్పటికీ బాకీ.